అక్షరానికింత

చిత్తూరు బజారు వీధిలో
స్టీలు సామాన్ల అంగడి మెట్టు మీద
నలభై ఏండ్లుగా నాది మూడడుగుల జాగా.
ముక్కాలిపీట, కరెంటు పెన్ను,
వానొస్తే కప్పుకునేదానికి ఒక పట్ట.

మా నాయనకు ఉలీ సుత్తీ.
చుక్క పక్కన చుక్క పొడిచి
‘గుడిపాల చెంగల్రాయ నాయుడు గారి ద్వితీయ కుమార్తె
వెంకటలక్ష్మమ్మకు వివాహ కానుక’ అని
ఇత్తడి బిందె నడుముకు
వడ్డాణం చుట్టినట్టు రాసేవాడు.
అక్షరానికి ఐదు పైసలు.
అట్లాంటి బిందె ఒకటి దొరికిందంటే
ఆ రాత్రి మా ఇంట్లో కూర వాసన.

ముందు మునులు పోయినారు.
మునెమ్మ, మునెప్ప, మునస్వామి.
మునిరత్నం నేనే,
ఆ పేరు చెక్కి ఇరవై ఏండ్లయింది.
ఆమీట గంగలు.
నడివీధి గంగమ్మ జాతరకు జనమేం తగ్గలా,
బిడ్డను ఎత్తుకోని నడవడానికి సందుండదు.
ఆ బిడ్డకు పెట్టేదానికే
అమ్మోరి పేరు బరువైంది.

ఒక ఏడాది ఎటు చూసినా హేమలత.
ఒకే క్లాసులో నలుగురంట,
ఇంటిపేరు కలిపి పిలిస్తే గాని పలకరంట.
నిద్రలో కూడా నా చెయ్యి ‘హే’ అని తిరిగేది.
ఆ హేమలతలు ఇప్పుడు
మోకాళ్ళు పట్టుకోని నా మెట్టెక్కుతారు,
చీటీ తెరిచి, అద్దాలు సర్దుకోని,
మనవరాలి పేరు కూడబలుక్కుంటా చదువుతారు.

పేర్లు పొట్టివైనాయి, నా పొట్ట కొట్టినాయి.
ఆద్య. రిత్వి. హన్ష్.
‘ద్య’ ఒకటా, రెండా అని బేరం.
వత్తుకు డబ్బులడిగితే నవ్వుతారు.
వత్తు కాడనే కదమ్మా
చెయ్యి తిరగాల్సింది!

లోపల తక్కెట్లో పాతసామాను తూస్తా వుంటారు.
పేరుందని కిలోకు రూపాయి పెరగదు, తగ్గదు.
ఒకోసారి మా నాయన చుక్కలు కనబడతాయి.
బొటనేలితో తడిమి, మళ్ళా తక్కెట్లో పెడతా.

మొన్న మంగళవారం పెనుమూరు నుంచి ఒక పాప,
చంకలో బిడ్డ, చేతిలో ఉగ్గుగిన్నె.
“కుష్వి అని రాయన్నా. మా జేజి పేరే పెట్టినాం.”
“ఏం పేరు మీ జేజిది?”
“కుప్పమ్మ.”
కుష్విలో కుప్పమ్మ యాడుందబ్బా అని చూస్తా వుంటే
“మొదటక్షరం” అనింది.

కుప్పమ్మలు ఎట్ల పుడతారో నాకు తెలుసు.
ముందు ముగ్గురు పురిట్లోనే పోతే
నాలుగో దాన్ని చాటలో పెట్టి
దిబ్బ మీద పొర్లించి, చెత్తతో పాటు ఎత్తుకొచ్చి,
చావు చూసి ‘థూ, ఇదెందుకు’ అనుకోని పోవాలని
పెట్టిన పేరది.
ఎవురికీ నచ్చకూడదనే పెట్టింది.
మునిమనవరాలి కాలానికీ నచ్చలేదంటే
ఆ పేరు ఇంకా
పని చేస్తా వుండాదన్నమాట.

ఇదంతా ఆ పాపకు చెప్పలా.
‘కు’ చెక్కినా. కరెంటు పోయింది.

ఎండాకాలం కోత, ఎప్పుడొస్తుందో తెలీదు.
గిన్నెను వెలుగుకు తిప్పి చూసుకునింది.
ఒక్క ‘కు’.
“మా తాత ఇట్లనే పిలిచేవాడన్నా.
బీడీలు తాగి తాగి పేరంతా అనే ఊపిరి లేదు.
తోట ఆ పక్క నుంచి ‘కూ’ అంటే
ఈమె ఈ పక్క నుంచి
‘వొస్తా వుండా, సచ్చిపోతివా’ అనేది.”
అని నవ్వింది. బిడ్డ కూడా నవ్వింది,
వాళ్ళమ్మ నోరు చూసి.

సోడా బండోడు వచ్చి పోయినాడు.
కాసేపు ఆ గిన్నె ఎవురిదని ఎవురైనా అడిగి వుంటే
నేను చెప్పలేకపోదును.

కరెంటొచ్చింది.
‘ష్వి’ చెక్కినా. వత్తు రోంత లోతుగా పడింది.
“ఎంతన్నా?”
“ఒక అక్షరానికి ఇయ్యి.”
“రెండు కదా?”
“ముందుది పాతసామానే కదమ్మా.”